కొలిచి పెట్టిన కూడు: ధాత కరువు నుంచి క్యాప్సూల్ దాకా

మన మధ్యతరగతి ఉద్యోగుల ఇళ్లలో కొంతకాలంగా ఒక కొత్త వస్తువు చోటు సంపాదించుకున్నది. అది మందు కాదు, ఆహారమూ కాదు. డాక్టరు చీటీ అవసరం లేకుండా మందుల షాపులో అడిగినవారికల్లా అమ్మే మాత్రల డబ్బా. దాని మీద ‘యాంటీ ఆక్సిడెంట్’ అనే మాట పెద్ద అక్షరాలతో వుంటుంది. అలాంటి డబ్బాలు మూడు కొని, మూడు నెలలు నేనే వాడి చూశాను. ఈ వ్యాసానికి అదే కారణం. తెలుగు పాఠాలు చెప్పుకునే అధ్యాపకుడొకడు మాత్రలు మింగటంలో చరిత్ర ఏమున్నదని పాఠకులు అడగవచ్చు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కాని మన సీమలో మనిషి ఒంటికి ఏం తక్కువైంది, దాన్ని ఎవరు కొలవాలి, ఎంత కొలిచి పెట్టాలి అన్న వివాదం నూటయాభై యేళ్లకు పూర్వమే మొదలైంది. నా బల్లమీది డబ్బా ఆ వివాదంలో ఇటీవలి ఘట్టం మాత్రమే.

ముందు నా అనుభవం చెప్పటం న్యాయం. నేను కడపలో ఒక డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. మా వూరు పత్తికొండ ప్రాంతంలో వున్నది. ఒకానొక ఫిబ్రవరి నెలలో ఎడతెగని నీరసం పట్టుకున్నది. మూడు గంటలు పాఠం చెప్పేసరికి కాళ్లు పీకేవి. మందుల షాపు కుర్రవాడు నా మాట పూర్తిగా వినకుండానే ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు. ముప్ఫై క్యాప్సూళ్లు, 450 రూపాయలు. లైకోపిన్, బీటా కెరోటిన్, ‘సి’, ‘ఇ’ విటమిన్లు, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం అని వరస. రోజుకొకటి చొప్పున మింగి, శాసనాలకు నకళ్లు రాసుకునే నోటుపుస్తకంలోనే చివరి పేజీల్లో రోజూ రాసుకున్నాను. మొదటి వారంలో కనిపించిన మార్పు ఒక్కటే: మూత్రం పసుపుపచ్చగా రావటం. అది ఒంట్లో మిగలని రైబోఫ్లేవిన్ చేసే పని. మూడో నెలలో నీరసం తగ్గిన మాట నిజమే. అయితే ఆ నెలలో పరీక్ష పేపర్లు దిద్దటం ముగిసింది, సెలవులు వచ్చాయి, ఇంటికి వెళ్లి కంటినిండా నిద్రపోయాను, అమ్మ వండిన కొర్రన్నం తిన్నాను. ఇందులో దేని మహిమ ఎంతో తేల్చటానికి నా నోటుపుస్తకం చాలదు. ఒక్క మనిషి మీద జరిగిన పరీక్ష దేన్నీ రుజువు చెయ్యదు, దేన్నీ కొట్టిపారెయ్యదు.

నాకు కనువిప్పు కలిగించినది మరొక సంగతి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మా నాయన ఆ డబ్బాను చేతిలోకి తీసుకొని ఇదేమని అడిగాడు. టమోటాకు ఎరుపు రంగునిచ్చే పదార్థమేదో, దాన్ని మాత్ర చేశారని చెప్పాను. ఖరీదెంతన్నాడు. చెప్పాను.

‘అట్లయితే మనం రోడ్డు మింద పారబోసింది ఎన్ని డబ్బాలయ్యుండునబ్బా!’ అన్నాడు.

ఆయన వెక్కిరింతకు అన్న మాట కాదది. పత్తికొండ మార్కెట్టులో కిలో టమోటా రూపాయి కూడా పలకని రోజులను ఆయన చూశాడు. కోతకూలీ, బండిబాడుగ కూడా గిట్టనప్పుడు రైతులు పండును మార్కెట్టు ముందు రోడ్డు మీదనే కుమ్మరించి వెళ్లిపోవటం ఆ ప్రాంతంలో ఏళ్లతరబడి జరుగుతున్నది. 2023 వేసవి దాటగానే అదే టమోటా పట్నాల్లో కిలో నూరు రూపాయలు దాటిపోయింది. పండించినవాడికి ఆ ధరలో వాటా ఎంత దక్కిందో వేరే చెప్పనక్కరలేదు. ఏ పండుకు ధర లేక తండ్రి మట్టిపాలు చేశాడో, ఆ పండులోని రంగును కొడుకు జీతం డబ్బులతో తిరిగి కొనుక్కుంటున్నాడు. నూనె వేసి ఉడికించిన టమోటా పప్పులో నుంచి ఒంటికి ఆ పదార్థం బాగానే అందుతుందని పోషకాహార శాస్త్రం చెబుతున్నది. కాబట్టి ఇక్కడ కొరత పడినది పదార్థం కాదు.

అయితే మన ప్రాంతంలో కొరత అనే మాట కల్పితమని ఎవరూ అనలేరు. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి వదిలిపెట్టిన దత్త మండలాల చరిత్రలో కరువు ఒక అధ్యాయం కాదు, పుస్తకమే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అని పేరు పెట్టేనాటికి ఈ జిల్లాలు ఎన్నో కరువులు చూసి వున్నాయి. వాటిలో జనం నోట నిలిచిపోయినది ధాత కరువు. 1876లో వానలు తప్పాయి. 1877 కూడా కరువులోనే గడిచింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 9 లక్షల 14 వేలు. 1881 లెక్కల నాటికి 6 లక్షల 78 వేలు. పదేళ్లలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోయారు. వలస పోయినవారిని తీసివేసినా, ఆ అంకెల వెనక ఎన్ని ఊళ్లు పాడుపడ్డాయో ఊహించుకోవచ్చు. అదే కాలంలో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఇంగ్లండుకు గోధుమల ఎగుమతిని ఆపలేదు.

ఆ కరువులో జరిగిన ఒక వివాదం మన విషయానికి ముఖ్యమైనది. 1877 జనవరిలో లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డు టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. ఇతనే 1874లో బీహారు కరువులో ధారాళంగా ధాన్యం తెప్పించి పంచి, ఎక్కువ ఖర్చు చేశాడని పైవారి చేత చీవాట్లు తిన్నాడు. ఆ మచ్చ తుడుచుకోవటానికి ఇక్కడ పొదుపు చూపించదలిచాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే, మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా డబ్బు చాలునని నిర్ణయించాడు. ఆడవారికీ పిల్లలకూ అంతకన్న తక్కువ. చరిత్రలో దీనికి ‘టెంపుల్ కూలి’ అని పేరు నిలిచిపోయింది.

దీన్ని ఎదిరించినవాడు మద్రాసు ప్రభుత్వ పారిశుధ్య కమిషనరు డాక్టరు కార్నిష్. పనిచేసే మనిషికి కనీసం పౌనున్నర, అంటే 680 గ్రాముల ధాన్యం వుండాలనీ, ధాన్యం ఒక్కటీ చాలదనీ, దానితో కూరగాయలూ పప్పువంటి మాంసకృత్తులూ కూడా చేరాలనీ అతడు వాదించాడు. విటమిన్ అనే మాట అప్పటికి ఇంకా పుట్టలేదు. అయినా కరువు శిబిరాల్లో మనుషుల ఒళ్లు చూసి అతడు ఆ మాట చెప్పగలిగాడు. ఆ పోరు ఫలితంగా 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొలతను 570 గ్రాముల ధాన్యానికీ, 43 గ్రాముల పప్పుకూ పెంచింది. అడిగిన పెంపులో దాదాపు సగం. మన ప్రాంతపు పేదవాడి ఆహారానికి ‘అదనపు పోషణ’గా అప్పుడు ప్రభుత్వం చేర్చినది ఆ 43 గ్రాముల పప్పు. దాన్ని చేర్చినది దయ కాదు, వాదన. అదైనా పెద్ద ప్రాణనష్టం జరుగుతుండగా జరిగింది.

ఇక్కడ రెండు దృష్టులు స్పష్టంగా విడిపోతున్నాయి. ఒకటి టెంపుల్ దృష్టి: మనిషి చావకుండా వుండటానికి ఎంత తక్కువ చాలును? రెండవది కార్నిష్ దృష్టి: మనిషి మనిషిగా పనిచెయ్యటానికి ఏమేమి కావాలి? తర్వాతి చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల మధ్య లాగులాటయే. 1951-52 కరువులో సీమలో గంజి కేంద్రాలు వెలిశాయి. ఆ గంజి ప్రాణాలు నిలిపింది గనుక దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కాని గంజి గిన్నె మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు.

రెండవ ప్రశ్నను శాస్త్రం చేపట్టిన కథ ఉత్తేజకరమైనది. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బాగా దంపుడైన బియ్యానికీ బెరిబెరి వ్యాధికీ సంబంధం వున్నదని కనిపెట్టాడు. 1912లో ఫుంక్ ‘విటమిన్’ అనే మాటను సృష్టించాడు. 1918లో కూనూరులో ఒక్క గదిలో మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధన ప్రారంభించాడు. దేశంలోని వేరువేరు ప్రాంతాలవారి తిండిని ఎలుకలకు పెట్టి చూస్తే, పంజాబు సిక్కుల గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. తెల్లబియ్యం ప్రధానమైన మద్రాసు తిండి తిన్నవి క్షీణించాయి. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

మరొక పాయ బొంబాయిలో మొదలవుతుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భవతుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకోవటం చూసి, అందులో పేరు తెలియని పదార్థమేదో వున్నదని 1931లో ప్రకటించింది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం మందయింది. కూలి ఆడవాళ్ల పాలిపోయిన ముఖాలతో మొదలైన పరిశోధన ఒక తెలుగువాని చేతిలో మాత్రగా ముగిసింది. కనుక మాత్ర అన్న మాట వినగానే ముఖం చిట్లించటం అభ్యుదయం కాదు. నిజమైన లోపానికి నిజమైన మాత్ర మానవజాతి గెలుచుకున్న విజయం.

అలాగే పూర్వకాలపు తిండి అమృతమని పాడటమూ సత్యం కాదు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రజ్ఞులు దక్కనులో జొన్నే ఆధారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా వ్యాధిని గూర్చి ప్రకటించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలే జబ్బు అది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువగా వుండటం దానికి ఒక కారణమని వారు ప్రతిపాదించారు. జొన్నరొట్టెతో పాటు పప్పు, ఆకుకూర, పాలు వున్న ఇంట ఆ జబ్బు కనబడదు. తప్పు జొన్నది కాదు. జొన్న తప్ప మరేమీ లేని కూలిది. శ్రీనాథుడు జొన్నకూటిని వెక్కిరించాడని మనం తరగతుల్లో నవ్వుకుంటూ చెబుతాం. రాజాస్థానాల భోజనం మరిగిన కవికి అది వెక్కిరింత. దానితోనే సరిపెట్టుకోవలసినవాడికి జీవన సమస్య.

ఇక యాంటీ ఆక్సిడెంట్ కథ వేరు. 1956లో అమెరికాలో డెన్‌హామ్ హార్మన్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు. మనం పీల్చే ప్రాణవాయువు ఒంట్లో ఖర్చవుతున్నప్పుడు చురుకైన, నిలకడలేని కణాలు కొన్ని పుడతాయనీ, అవి ఇనుమును తుప్పు తిన్నట్టు శరీరాన్ని తింటూ ముసలితనం తెస్తాయనీ దాని సారాంశం. అదే 1956లో మనకు విద్వాన్ విశ్వంగారి ‘పెన్నేటి పాట’ వచ్చింది. ప్రాణవాయువు మనిషిని ముసలివాణ్ణి చేస్తుందని అక్కడ ఆలోచిస్తుండగా, ఆకలి మనిషిని నడివయసులోనే ఎట్లా ఎండగడుతుందో ఇక్కడ కవి చూపించాడు. హార్మన్ ఆలోచన పసలేనిదని నా అభిప్రాయం కాదు. దాని మీద చాలా పరిశోధన జరిగింది. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారిలో కొన్ని క్యాన్సర్లు తక్కువని కూడా పరిశీలనల్లో తేలింది. అక్కడినుంచి ఒక దూకు దూకారు: కూరగాయ మేలు చేస్తే, అందులోని రంగును తీసి ఎక్కువ మోతాదులో మింగితే ఇంకా మేలు గదా?

ఈ దూకును శాస్త్రమే పరీక్షించింది. ఫిన్లండులో పొగతాగే మగవారు 29,133 మంది మీద ఏళ్లతరబడి జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, నూటికి 18 పాళ్లు ఎక్కువగా కనిపించింది. అమెరికాలో పొగతాగేవారు, రాతినార పనివారు 18 వేల మందితో సాగిన మరో పరీక్షను 1996 జనవరిలో గడువుకు ముందే ఆపివేశారు. అక్కడ మాత్ర మింగిన వర్గంలో క్యాన్సరు నూటికి 28 పాళ్లు ఎక్కువ. ఈ రెండో పరీక్ష మనకు దూరపు వార్త కాదు. మన కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో రాతినార గనులు తవ్వి బతికిన కూలీలున్నారు. వారి ఊపిరితిత్తులకు కావలసిన రక్షణ గనిలో దుమ్ము లేకుండా చెయ్యటం, మాత్ర కాదు.

విడదీసిన పదార్థం ఎందుకు ఎదురు తిరిగింది? తుప్పు పోలిక పూర్తి నిజం కాకపోవటమే ఒక కారణం. ఆ చురుకు కణాలనే మన శరీరం సూక్ష్మజీవులను చంపటానికి ఆయుధంగా వాడుకుంటుంది. వాటిని పూర్తిగా అణచటం ఆరోగ్యం కాదు. పైగా కూరగాయ అంటే ఒక్క రంగు కాదు. పీచు, లవణాలు, వందలాది పదార్థాల కూర్పు. వీటన్నిటికీ మించి, కూరగాయలు తినగలిగినవాడు సాధారణంగా కొనగలిగినవాడు. అతని ఆరోగ్యంలో కూర పాలెంత, కలిమి పాలెంత అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఇంత తెలిసిన తర్వాత అమ్మకం ఎందుకు ఆగలేదు? 1994లోనే, అంటే ఫిన్లండు ఫలితాలు వచ్చిన యేడే, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి పదార్థాలను అమ్మేవాడు అవి పనిచేస్తాయని ముందుగా రుజువు చెయ్యనక్కరలేదు. మన దేశంలో ఇవి 2006 ఆహార భద్రతా చట్టం కిందికి వస్తాయి. 2016లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధన ప్రకారం, ఔషధంగా వాడటానికి కాదు అని డబ్బా మీద ముద్రించి తీరాలి. నా డబ్బా తిప్పి చూస్తే చీమతలంత అక్షరాల్లో ఆ మాట వున్నది. మందుల షాపులో, మందుల వరసలో, మందు ఆకారంలో అమ్ముతూ ఇది మందు కాదని రాయటం! అబద్ధం ఆడకుండానే అబద్ధం నమ్మించే విద్య ఇది.

ఈలోగా మన పళ్లెంలో ఏం జరిగింది? సీమ మెట్టపొలాల్లో కొర్ర, సజ్జ, జొన్న, వాటి మధ్య సాలుల్లో కంది, అలసంద, అనుములు వుండేవి. చేనే ఒక సంపూర్ణాహారం. తర్వాత వ్యాపారపంటలు వచ్చి శనక్కాయ, పత్తి ఆ చేలను ఆక్రమించాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. దాన్ని నిందించటానికి కడుపునిండినవాడికి హక్కు లేదు. పండగనాడు తప్ప వరికూడు ఎరగని ఇళ్లలో అది ఆకలిని తీర్చింది, ఆత్మగౌరవాన్ని కూడా ఇచ్చింది. కాని బియ్యం వచ్చినంత సులభంగా పప్పు, కూర, పాలు రాలేదు. కార్నిష్ అడిగినదానిలో ధాన్యం దక్కింది. తక్కినది బాకీ పడిపోయింది. చేను నుంచి కొర్ర వెళ్లిపోయి, ఇప్పుడు ‘సిరిధాన్యం’ అనే కొత్త పేరుతో పట్నపు దుకాణాల్లో సన్నబియ్యం కన్న ప్రియమై కూర్చున్నది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన నంద్యాల పరిశోధనా కేంద్రం ‘సూర్యనంది’, ‘రేనాడు’ వంటి మంచి కొర్ర రకాలను తయారుచేసింది. రేనాడు! తొలి తెలుగు శాసనాలు దొరికిన నేల పేరు అది. విత్తనం వున్నది, నేల వున్నది, తినే నోరు వున్నది. పండించినవాడికి గిట్టే ధర, తినేవాడికి అందే ధర మాత్రం లేవు.

చివరగా నన్ను సిగ్గుపరచిన సంగతి చెప్పి ముగిస్తాను. సెలవుల తర్వాత ఒకరోజు మొదటి గంట పాఠంలో ఒక విద్యార్థిని కళ్లు తిరిగి పడిపోయింది. బాలికల వసతిగృహంలో వుండే పిల్ల. పొద్దున ఏమీ తినలేదన్నది. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె నాకు తెలుసు. ముఖం మాత్రం ఆరోజు చూశాను. వసతిగృహం బాధ్యత చూసే మా సహాధ్యాపకురాలిని అడిగితే, ప్రభుత్వం వారానికొకటి చొప్పున ఆడపిల్లలకు ఉచితంగా ఇచ్చే నీలిరంగు మాత్రల సంగతి చెప్పింది. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వుంటాయి. చాలామంది పిల్లలు వాటిని కిటికీలోంచి పారేస్తున్నారట. ఎందుకని పిల్లల్నే అడిగాం. ‘ఉత్త కడుపున మింగితే వాంతికొస్తాది సార్’ అన్నారు.

సుబ్బారావుగారి జీవితకాలపు కృషి కిటికీ కింద దుమ్ములో పడివున్నది. నేను అవసరమో కాదో తెలియని రంగుల మాత్రకు నెలకు 450 రూపాయలు పోస్తున్నాను. అవసరం నిశ్చయంగా వున్నవారికి ఉచితంగా వచ్చిన మాత్రకు ఒక ముద్ద అన్నం తోడు లేదు. ఆ తర్వాత మేమిద్దరం చేసినది చాలా చిన్న పని. మాత్రను మధ్యాహ్నం భోజనం తర్వాత ఇప్పించటం, వారానికి మూడు రోజులు ఆకుకూర పప్పు, రాగి సంగటి పెట్టించమని అర్జీ పెట్టటం. మాత్ర సంగతి చక్కబడింది. అర్జీ ఇంకా తిరుగుతూనే వున్నది.

ఆ అర్జీలో మేము అడిగినది తిరగేసి చూస్తే, 1877లో కార్నిష్ అడిగినదే. ధాన్యంతో పాటు పప్పు, కూర. నూటయాభై యేళ్లలో శాస్త్రం ఎంతో ముందుకు నడిచింది. ఆ కోరిక మాత్రం అక్కడే నిలబడి వున్నది. టెంపుల్ ఒక పౌను కొలిచి ఇది చాలు పొమ్మన్నాడు. నేటి వ్యాపారి ముప్ఫై క్యాప్సూళ్లు కొలిచి ఇది కొనుక్కో పొమ్మంటున్నాడు. మొదటిది మన లోపాన్ని లేదన్నది. రెండవది దాన్ని మన సొంత గొడవగా మార్చి అమ్ముతున్నది. కూలి, పంట, ధర అనే మూడు మాటలు రెండింటిలోనూ వినబడవు. విద్యార్థులూ అధ్యాపకులూ ఆ మూడు మాటలను పోషకాహార చర్చలోకి తిరిగి తీసుకురావాలి. ఆ పని మొదలుపెట్టటానికి మన వసతిగృహాల వంటగది కంటె దగ్గరి చోటు లేదు.